శబ్దం లేదు, సవ్యంగా ఉంది

ఫిబ్రవరి 6

ఇవాళ పొద్దున పన్నెండు సూదులకు దారం ఎక్కించి డ్యూటీకి వచ్చాను. నల్లవి నాలుగు, తెల్లవి నాలుగు, మిగతావి మా ఆవిడ చెప్పిన రంగులు. అన్నీ వరసగా గుచ్చి కుట్టుమిషను పక్కన పెట్టాను. మధ్యాహ్నానికి అయిపోతే పక్కింటావిడని పిలుస్తానంది.

తను మూడేళ్ల నుంచి మనసు జబ్బుకి లిథియం మాత్రలు వేసుకుంటోంది. మనసు నిలకడగా ఉంది, చేతులే నిలకడగా లేవు. గ్లాసు అందుకుంటే నీళ్లు అంచు దాటి ఒలుకుతాయి. ఎప్పుడూ దాహమే, ఇంట్లో ఏ గదిలో చూసినా సగం తాగిన నీళ్ల సీసా ఒకటి కనిపిస్తుంది. దర్జీపని చేసుకునే మనిషికి ఈ వణుకేమిటని నాకూ అనిపించేది. పైకి అనలేదు.

నిన్న ఒకావిడ కోటు చేతులు పొట్టి చేయించుకోవడానికి వచ్చిందట. కొలత తీస్తుంటే టేపు వణకడం చూసి, తొందరేం లేదులెండి, మళ్లీ వస్తానని కోటు చంకన పెట్టుకుని వెళ్లిపోయిందట. మామూలుగా అయితే తను ఒంటికాలి మీద లేచేది. నిన్న ఏమీ అనలేదు. నేను ఇంటికి రాగానే ఒకే ఒక్క మాట అంది.

"నాకు నా చేతులు కావాలి. డాక్టరమ్మని అడుగుదాం."

ఫిబ్రవరి 9

డాక్టరమ్మ చాలాసేపు ఓపిగ్గా చెప్పారు. లిథియం తగ్గించుకుంటూ, క్వెటియాపిన్ అనే ఇంకో మందు పెంచుకుంటూ వెళ్లొచ్చట. రెండూ చేసేది ఒకే పని, మనసు మరీ పైకి ఎగరకుండా, మరీ కిందికి కుంగకుండా మధ్యలో పట్టి ఉంచడం. లిథియంతో వణుకూ దాహమూ, మాటిమాటికీ రక్తపరీక్షలూ. కొత్తదానితో వణుకు తక్కువే గానీ మత్తు, ఆకలి, ఒళ్లు రావడం ఉంటాయట. రెండిట్లో ఏది మంచిదండీ అని అడిగాను.

"మందుని చూసి చెప్పలేమండీ. ఈవిడకి ఎలా ఉంటుందో చూసి చెప్పాలి" అన్నారు.

నాకు బాగానే అర్థమైంది. నేను రిపేర్లు చేసే లిఫ్టుల్లోనూ అంతే, రెండు కంపెనీల బ్రేకులు కాగితం మీద ఒకేలా ఉంటాయి, బిగించి నాలుగు నెలలు నడిపితే గానీ దేని గుణం ఏమిటో తెలియదు.

ఒక చార్టు ఇచ్చారు. రోజుకో గడి. ఒకటి నుంచి పది దాకా ఒక అంకె వెయ్యాలి, పక్కన ఒక ముక్క రాయాలి. ఇద్దరూ చెరొకటి రాయండని రెండు చార్టులు ఇవ్వబోయారు. తను ఒకటే అందుకుని నాకిచ్చింది. "ఈయన రాస్తాడు లెండి డాక్టరుగారూ. ఇరవై ఏళ్లుగా లాగ్‌బుక్కులు రాసి రాసి చెయ్యి తిరిగింది" అంది. ముగ్గురం నవ్వాం.

ఫిబ్రవరి 10

చార్టు డాక్టరమ్మకి. ఈ పుస్తకం నాకు. మా పన్నెండంతస్తుల ఆఫీసు భవనం కప్పు మీద లిఫ్టు మోటార్ల గది ఉంది. అందులో నేనూ, రెండు మోటార్లూ, ఒక స్టూలూ. భోజనం డబ్బా మూసేశాక కాసేపు రాసుకుంటే ఎవరూ అడగరు.

ఇవాళ చార్టులో మూడు వేశాను. పొద్దున్నే నిచ్చెన గురించి పోట్లాట. బల్బు మార్చిన నిచ్చెన మళ్లీ లోపల పెట్టలేదని మొదలుపెట్టి, పదేళ్ల కిందట నేను మర్చిపోయిన గొడుగు దాకా వెళ్లింది. తనకి కోపమొస్తే నన్ను "మీరు" అంటుంది. పదకొండు సార్లు అంది, లెక్కపెట్టాను.

ఫిబ్రవరి 24

లిథియం కొంత తగ్గింది. కొత్తది కొంత పెరిగింది. ఆరు.

మార్చి 8

ఇవాళ నేను సూదుల పెట్టె ముందు కూర్చోబోతే తను వచ్చి నా చేతిలోంచి దారం లాక్కుంది. కొస తడిచేసి, కన్ను చిట్లించి, ఒక్క పోటులో ఎక్కించేసింది. రెండోది కూడా. మూడోది ఎక్కించి నా ముక్కు ముందు ఆడించింది. ఇద్దరం పిల్లల్లా నవ్వుకున్నాం.

బస్సులో వస్తుంటే మాత్రం ఏదో వెలితి. రోజూ పొద్దున పావుగంట తన పక్కన కూర్చునే పని ఒకటి ఉండేది. అది పోయింది. సంతోషించాల్సిన చోట ఈ సణుగుడేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. తొమ్మిది వేశాను.

మార్చి 21

అక్క ఫోన్ చేసింది. మరదలు గొంతు ఎంత మెత్తబడిందో, ఇన్నాళ్లకి నీకు కాస్త మనశ్శాంతి దొరికిందిరా తమ్ముడూ అంది. నిజమే. ఇల్లు ప్రశాంతంగా ఉంది. పొద్దున తను లేచేసరికి పది దాటుతోంది కాబట్టి టీ నేనే పెట్టుకుంటున్నాను, తనకి ఫ్లాస్కులో పోసి వస్తున్నాను. అదేమంత పని.

చార్టులో పక్కన ఏం రాయాలో మొదట్లో తోచేది కాదు. ఇప్పుడు అలవాటైన ముక్కే రాస్తున్నాను. లిఫ్టు తనిఖీ చేశాక లాగ్‌బుక్కులో మేం రాసేది అదే. శబ్దం లేదు, సవ్యంగా ఉంది. నా పనంతా చెవితోనే. బేరింగు అరిగినా, తాడు వదులైనా ముందు శబ్దం వస్తుంది. శబ్దం లేదంటే ఆ రోజు నేను నిశ్చింతగా ఇంటికి పోవచ్చు.

మార్చి 28

తొమ్మిది. శబ్దం లేదు.

ఏప్రిల్ 6

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. బయట బోలెడుమంది ఉన్నారు. ఎలా ఉన్నారమ్మా అంటే తను బాగానే ఉన్నానంది. నేను చార్టు చూపించాను. ఆవిడ వేలితో అంకెల వరస చూసుకుంటూ పోయి, చేతులు చాపించి చూసి, ఇదే మోతాదు కొనసాగిద్దాం అన్నారు. నాకు పరీక్ష పాసైనట్టు అనిపించింది.

ఏప్రిల్ 13

ఇవాళ స్నానం చేశాక తడి తువ్వాలు మంచం మీద వదిలేసి వచ్చాను. కావాలని కాదు.

ఏప్రిల్ 14

ఇవాళ కావాలనే వదిలాను. దుప్పటి మీద, సరిగ్గా తన తలగడ పక్కన. మా పెళ్లయిన కొత్తలో ఈ తువ్వాలు మూలంగా రెండు రోజులు మాటల్లేవు. సాయంత్రం వెళ్లి చూస్తే తీగ మీద ఆరేసి ఉంది. ఏమీ అనలేదు. భోజనం వడ్డించింది, తనూ తిన్నది, పడుకుంది.

పది వేశాను. ఎందుకో రెండుసార్లు దిద్ది, మళ్లీ పదే వేశాను.

ఏప్రిల్ 27

ఇన్నాళ్లలో ఇదే మంచి రోజు. నాకు సెలవు. తను పొద్దుటి నుంచీ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది. నేను పేపరు చదువుకున్నాను, కుళాయి బాగుచేశాను, కాసేపు కునుకు తీశాను. ఒక్క మాట తేడా రాలేదు. ఎండ తగ్గాక పార్కు దాకా నడుద్దామా అంటే సరేనంది. దారి పొడుగునా తన చెయ్యి పట్టుకునే నడిచాను. చెయ్యి కొంచెం కూడా వణకలేదు. ముసలితనంలో ఇలా గడిచిపోతే చాలనుకున్నాను.

పది.

మే 4

గొడవంటే నాకంత భయం దేనికని ఎవరైనా అడిగితే చెప్పడానికి సిద్ధంగా ఉండాలి గదా, అందుకని రాస్తున్నాను. ఎవరూ అడగలేదు.

మూడేళ్ల కిందట, కుట్లు విప్పిన నెల. మొదట పాటలు పాడింది. తర్వాత నిద్ర తగ్గింది. రోజుకి ఇరవై గంటలు మిషను మీదే. నేను సంబరపడ్డాను, పని మీద ఇంత ఉత్సాహమేమిటని మెచ్చుకున్నాను కూడా. ఒకరోజు ఇంటికి వచ్చేసరికి కుట్టడానికి ఇచ్చిన బట్టలన్నీ, ముప్ఫై మందివి, ఎక్కడికక్కడ కుట్లు విప్పి నేలంతా పరిచి ఉన్నాయి. ఊళ్లో వాళ్లెవరికీ కుట్టు అంటే తెలియదనీ, అంతా మొదటి నుంచి తాను సరిచేస్తాననీ అంది. గొంతు బొంగురుపోయి ఉంది. నేను అడ్డుపడితే నా డ్యూటీ చొక్కా కుట్లు కూడా, నా ఒంటి మీద ఉండగానే, విప్పడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఆసుపత్రి. ఆ తర్వాత, ఇంటికి వచ్చాక, తను రోజుల తరబడి గోడవైపు తిరిగి పడుకోవడం.

అప్పటి నుంచి ఇంట్లో గొంతు పెరిగితే చాలు, నాకు నేలంతా పరిచిన ఆ బట్టలే కనిపిస్తాయి.

మే 19

ముందు గదిలో కుట్టాల్సిన బట్టలు పేరుకుపోయాయి. ఫోన్లు వస్తే నేనే మాట్లాడి వారం వారం వాయిదా వేస్తున్నాను. "చేద్దాంలే" అంటుంది. చేతులు బాగున్నాయి, కానీ కూర్చోవడానికి మనసు రాదట. ఎండలకి అందరికీ నీరసంగానే ఉంది.

మే 20

ఎండలకే.

మే 31

పక్కింటావిడ మెట్ల దగ్గర ఆపి, మీ ఆవిడ ఊరెళ్లిందా, గొంతే వినపడట్లేదు అని అడిగింది. ఇంట్లోనే ఉందండీ, బాగుంది అన్నాను.

తొమ్మిది.

జూన్ 14

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి.

డాక్టరమ్మ దగ్గర ఈసారి జనం లేరు. చార్టు తీరిగ్గా చదివారు. అంకెలు కాదు, పక్కన రాసిన ముక్కలు. శబ్దం లేదు, శబ్దం లేదు, శబ్దం లేదు అని పైకి చదివి, ఇదేమిటండీ అన్నారు. నేను కొంచెం గర్వంగానే చెప్పాను, మా లాగ్‌బుక్కు సంగతీ, చెవి సంగతీ. శబ్దం లేకపోతే అంతా సవ్యంగా ఉన్నట్టే గదండీ అన్నాను.

తను గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చుంది. అటే చూస్తూ అంది.

"ఆగిపోయిన లిఫ్టు కూడా శబ్దం చెయ్యదు, తెలుసా మీకు?"

మీకు. నాలుగు నెలల తర్వాత.

డాక్టరమ్మ చార్టు మా ఆవిడవైపు తిప్పి, ఇందులో మీకు బాగా గుర్తున్న రోజు ఏదమ్మా అని అడిగారు. తను వేలు పెట్టి వెతికి ఏప్రిల్ 27 మీద ఆపింది. నా పది.

"ఆ రోజు మా అమ్మ పోయిన రోజు. ఏటా ఆ రోజు నేను ఏడుస్తాను, ఏడిస్తే బాగుంటుంది. ఈసారి పొద్దుటి నుంచి కిటికీ దగ్గర కూర్చున్నాను ఏడుపు వస్తుందేమోనని. రాలేదు. మా అమ్మ మొహం గుర్తుంది, పోయిందనీ తెలుసు, అంతే. ఎవరో పక్కింటివాళ్ల అమ్మ పోయినట్టు ఉంది."

మామూలు గొంతుతోనే చెప్పింది. ఏటా ఆ రోజు పక్కన కూర్చునేవాణ్ని నేనే. ఈ ఏడు నేను కుళాయి బాగుచేశాను.

మరి ఏప్రిల్లో బాగున్నానన్నారేమ్మా అని డాక్టరమ్మ అడిగితే, చేతులు బాగున్నాయి కదండీ, అడిగి మార్పించుకున్నదాన్ని నేనే కదా, మళ్లీ ఏ మొహం పెట్టుకుని చెప్పను అంది. పైగా ఇంట్లో ఈయన ఎంత సంతోషంగా ఉన్నాడో చూశారా అంది. ఆ మాటకి నేను తల ఎత్తలేకపోయాను.

డాక్టరమ్మ నన్నేమీ అనలేదు. తప్పు నాది కూడానండీ, రెండో చార్టు నేను వదిలిపెట్టాల్సింది కాదు అన్నారు. ఇదే మందుతో హాయిగా, చలాకీగా ఉన్నవాళ్లు ఎందరో ఉన్నారనీ, లిథియం పడనివాళ్లూ అంతమందే ఉన్నారనీ చెప్పారు. ఇప్పుడు దారులు మూడు. ఈ మందే మోతాదు తగ్గించి చూడ్డం. లేదా మెల్లగా లిథియంకే తిరిగి వెళ్లడం, ఈసారి కాస్త తక్కువ మోతాదు, వణుక్కి చిన్న మాత్ర. లేదా పూర్తిగా వేరే ఇంకొకటి. ఒక్కోదానికీ ఉన్న మంచీ చెడూ చెప్పి, ఎంచుకోవాల్సింది మీరమ్మా అన్నారు.

తను చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంది. ఎన్నాళ్లకో కుదురుకున్న చేతులు. చివరికి లిథియం అంది.

"వణికే చేతులతో కుట్టడం నాకు వచ్చు. ఏమీ అనిపించకుండా కుట్టడమే రాలేదు."

జూన్ 15

నిన్నంతా సిగ్గుతో చచ్చాను. చార్టు చింపేద్దామనుకున్నాను. తర్వాత అది తన ముందు పెట్టి, పెన్ను ఇచ్చి, నా అంకెల పక్కన నీవి కూడా వెయ్యి అన్నాను. గుర్తున్నంత వరకు వేస్తానంది.

నా తొమ్మిదులూ పదులూ ఉన్నచోట తనవి రెండు, మూడు, రెండు. మార్చి 8కి ఇద్దరిదీ తొమ్మిదే. తువ్వాలు రోజు రెండు వేసింది. కావాలని పెట్టావని అప్పుడే తెలుసట, తిట్టాలని గుర్తుందట, తిట్టు రాలేదట.

ఫిబ్రవరి 10, నిచ్చెన గొడవ రోజు, నా మూడు పక్కన తను ఎనిమిది వేసింది. ఇదేమిటన్నాను. "ఆ రోజు నేనే గెలిచాను కదా" అంది.

ఏప్రిల్ 27 దగ్గర ఆగింది. నాలుగు వేసింది. ఒకటో రెండో వేస్తుందనుకున్నాను.

"సాయంత్రం చెయ్యి పట్టుకుని నడిచావుగా. అది మాత్రం తెలిసింది" అంది.

నాకు ఏడుపు ఆగలేదు. తను నా వీపు నిమురుతూ, నాకు రానిది నీకు వస్తోంది, మంచిదేలే అంది.

జూలై 2

లిథియం మళ్లీ మొదలై రెండు వారాలు. ఇవాళ రక్తపరీక్ష. ఇంట్లో నీళ్ల సీసాలు ప్రత్యక్షమయ్యాయి. ఐదు, ఐదు. ఇప్పుడు గడిలో రెండు అంకెలు.

జూలై 17

వణుకు వచ్చింది, కానీ మునుపటంత కాదు. కోటు ఆవిడ నిజంగానే మళ్లీ వచ్చిందట. తను ముందే చెప్పేసిందట, నా చెయ్యి వణుకుతుంది, కుట్టు వణకదు, ఇష్టమైతే ఇచ్చి వెళ్లండి అని. ఇచ్చి వెళ్లింది.

భోజనాల దగ్గర ఉన్నట్టుండి వాళ్ల అమ్మ గురించి మాట్లాడింది. ఆవిడ మిషను తొక్కుతూ నిద్రపోయేదట, కాలు మాత్రం ఆగేది కాదట. చెబుతూ చెబుతూ నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. నేను గ్లాసు కింద పెట్టి పక్కన కూర్చున్నాను. ఎంత వెయ్యమంటావని అడిగితే తొమ్మిది అంది. నేనూ తొమ్మిదే వేశాను, ఎందుకో భయం భయంగా.

ఆగస్టు 3

ఆదివారం. పొద్దున టీ తాగుతూనే, మిషను ముందు గదిలోంచి వెనక గదికి మార్చాలంది. వెనక గదిలో వెలుతురు బాగుందట. సరే, వచ్చే వారం ఇద్దరు మనుషుల్ని పిలుద్దామన్నాను. కాదు, ఇవాళే అంది. ఇవాళే, ఇప్పుడే. బల్ల ఎక్కడ పెట్టాలో, అద్దం ఎక్కడ తగిలించాలో, గబగబా చెప్పుకుపోతోంది. మధ్యలో ఒక పాట కూడా పాడింది. నేను వద్దన్నకొద్దీ గొంతు పెరిగింది. నేను ఏ పనికీ అడ్డుపుల్ల వేస్తానంది, ఇరవై ఏళ్లుగా ఈ ఇంట్లో కుర్చీ జరపాలన్నా నా దగ్గర అర్జీ పెట్టుకోవాలంది, అంటూనే మిషను ఒక్కతే లాగేసింది. అది గుమ్మంలో ఇరుక్కుంది. అటు గదిలో తను, ఇటు గదిలో నేను, మధ్యలో మిషను.

ఆ కుట్లు విప్పిన నెల కూడా పాటతోనే మొదలైంది. ఫోను ఎక్కడుందా, డాక్టరమ్మ నంబరు ఏ పేరుతో దాచుకున్నానా అని నా కళ్లు వెతుకుతున్నాయి. తను అది కనిపెట్టింది. మాట ఆపేసింది.

మామూలుగా అయితే ఏం లేదులే అని మాట దాటేసేవాణ్ని. ఇవాళ అడిగేశాను. ఇది నువ్వా, జబ్బా, నాకు తెలియడం లేదు, భయమేస్తోంది అని.

మళ్లీ అరుస్తుందనుకున్నాను. తను మిషను మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది. చేతులు సన్నగా వణుకుతున్నాయి. నావైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు.

"నాకూ తెలీదు" అంది. "నిన్న ఎనిమిది గంటలు పడుకున్నాను, మొన్న కూడా. ఇక ముందు పడుకోకపోతే నేనే చెప్తాను, నువ్వూ చెప్పు, ఇద్దరం వెళ్దాం. అది అప్పటి సంగతి. ఇప్పటికి మాత్రం మిషను ఆ కొస పట్టుకో."

పట్టుకున్నాను.